కిట్ లెన్స్‌తో పాలపుంత వస్తుందా? వస్తుంది, కానీ మిద్దె మీద నుంచి రాదు

మీ ప్రశ్నను కుదించి చెప్తాను. కెమెరా కెనాన్ 1500డి, దాంతో వచ్చిన 18-55 లెన్స్ (కిట్ లెన్స్ అంటే ఇదే), ఓ మామూలు ట్రైపాడ్. అనంతపురంలో ఇంటి మిద్దె మీద నుంచి 30 సెకన్ల ఎక్స్‌పోజర్ పెట్టి తీస్తే ఆకాశమంతా నారింజ రంగు, నక్షత్రాలేమో ఉబ్బిన చుక్కలు, పాలపుంత జాడే లేదు. ఎఫ్ 2.8 వైడ్ లెన్స్ (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు లోపలికి వస్తుంది) కొనాలా, లేక ఫుల్ ఫ్రేమ్ కెమెరాకే, అంటే వెలుగు పట్టే సెన్సారు పెద్దగా ఉన్నదానికే మారాలా అని అడిగారు.

రెండూ వద్దు. మీ దగ్గరున్న సామానుతోనే పాలపుంత వస్తుంది. ఆ నారింజ రంగు ఊరి దీపాలది. చుక్కలు ఉబ్బింది ఫోకస్ తప్పడం వల్ల. 30 సెకన్లు పెట్టారు కాబట్టి దగ్గరికి జూమ్ చేసి చూస్తే అవి కాస్త సాగి కూడా కనిపిస్తాయి. ఈ మూడింటిలో దేన్నీ కొత్త లెన్స్ బాగు చేయదు. అదే మిద్దె మీద ఎఫ్ 2.8 లెన్స్ పెడితే ఆకాశం ఇంకాస్త త్వరగా నారింజ అవుతుంది, అంతే. ముందు పెట్రోలుకు ఖర్చు పెట్టండి, లెన్స్ సంగతి తర్వాత చూద్దాం.

నా సంగతి ఒక ముక్క: పెళ్లిళ్లు, పుట్టెంట్రుకలు, ఓణీల ఫంక్షన్ల ఫోటోలు తీయడం నా బతుకుదెరువు. మూఢం వచ్చి ముహూర్తాలు లేనప్పుడు కెమెరా ఊరికే ఉంటుంది కదా, అలా మొదలైన అలవాటు ఇది. ఆషాఢంలో కూడా ఖాళీయే గానీ అప్పుడు మబ్బులు పని కానివ్వవు.

చీకటి ఎక్కడ దొరుకుతుంది

సీమలో ఉండి చీకటి ఆకాశం కోసం లడాఖ్ పోవాలనేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. అక్కడి హాన్లే ఆకాశం వేరే లెవెల్, కాదనను. నాలుగు వేల మీటర్లకు పైన ఉంది, దాన్ని డార్క్ స్కై రిజర్వ్‌గా, అంటే రాత్రి చీకటిని కాపాడే చోటుగా కూడా ప్రకటించారు. కానీ మన దగ్గర ఏముందో కూడా చూడాలి. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. రైతుకు అది కష్టకాలం, ఫోటో తీసేవాడికి మాత్రం మబ్బు లేని రాత్రులు. పైగా ఊరికీ ఊరికీ మధ్య దూరం ఎక్కువ. టౌను దాటి 30-40 కిలోమీటర్లు పోతే కళ్లకే పాలపుంత కనిపించే చోట్లు బోలెడు.

అయితే ఎంత దూరం పోయామనేదానికన్నా ఏ దిక్కుకు పోయామనేది ముఖ్యం. ఇది చాలామంది పట్టించుకోరు. పాలపుంతలో బాగా వెలిగే నడిమి భాగం ధనుస్సు రాశి వైపు ఉంటుంది. అది ఆగ్నేయాన లేచి, దక్షిణాన ఎత్తుకు వచ్చి, నైరుతిలో దిగిపోతుంది. మనం 14-15 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాం కాబట్టి దాదాపు 46 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఢిల్లీ వాళ్లకు 32 డిగ్రీలే. ఈ విషయంలో మనం అదృష్టవంతులం. అంటే కెమెరా చూసేది దక్షిణం వైపు. కాబట్టి టౌను మీ వీపు వెనక, ఉత్తరాన ఉండాలి. అనంతపురం నుంచి ఉత్తరానికి 50 కిలోమీటర్లు పోయి దక్షిణం వైపు కెమెరా పెడితే మళ్లీ అనంతపురం వెలుగులోకే చూస్తున్నట్టు. అదే కనగానపల్లి, కళ్యాణదుర్గం వైపు లోపలి రోడ్లు పట్టుకుంటే టౌను వెలుగు వెనక్కి పోతుంది. తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు రాత్రంతా లైట్లు వేసే ఉంచుతాయి, ఆ పక్కకు పోవద్దు. లేపాక్షి, హిందూపురం దగ్గర దక్షిణాన అడుగునంతా బెంగళూరు వెలుగు పలచగా పరుచుకుని ఉంటుంది. నంది విగ్రహం పెట్టి పాలపుంత తీయాలనే ఆశ నాకూ ఉండేది, కానీ సౌత్ కోసం అది సరైన చోటు కాదు.

గండికోట గురించి అందరూ అడుగుతారు. కోట పెన్నకు దక్షిణపు ఒడ్డున ఉంది. అంటే లోయ అంచున నిలబడి నదిని చూస్తే మీ ముఖం ఉత్తరానికి ఉంటుంది. దక్షిణం, ఆగ్నేయం వైపు ముద్దనూరు, ఎర్రగుంట్ల దారిలో థర్మల్ ప్లాంటు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. అందుకే గండికోట లోయ పాలపుంత కన్నా స్టార్ ట్రెయిల్స్‌కు (నక్షత్రాలు కదిలిన జాడలు గీతలుగా వచ్చే ఫోటోలకు) బాగా పనికొస్తుంది, దాని గురించి కింద చెప్తాను. కర్నూలు వాళ్లకైతే ఓర్వకల్లు చుట్టుపక్కల రాళ్ల గుట్టలు మంచివి. అవి టౌనుకు ఆగ్నేయాన ఉన్నాయి కాబట్టి దక్షిణం వైపు తిరిగితే కర్నూలు వెలుగు వెనకే ఉండిపోతుంది.

రామగిరి కొండల మీద గాలిమరలు ఫ్రేములో పెడితే బాగుంటాయని చాలామంది అంటారు. బాగుంటాయి, కానీ వాటి నెత్తిన ఎర్ర లైట్లు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. ఒక్క ఫోటోలో అందమే. వంద ఫోటోలు కలిపే పనైతే మాత్రం ఎర్ర చుక్కల తోరణం తయారవుతుంది.

ఎప్పుడు పోవాలి

దీనికి యాప్ కన్నా మీ ఇంట్లో గోడకు వేలాడే క్యాలెండరు బాగా పనికొస్తుంది. చంద్రుడు ఉంటే పాలపుంత పోయినట్టే. శుద్ధ పక్షంలో తిథి సంఖ్యను 50 నిమిషాలతో గుణించండి, సూర్యుడు అస్తమించాక సుమారు అంతసేపటికి చంద్రుడు దిగిపోతాడు. చవితి నాడు అస్తమించిన మూడు గంటల ఇరవై నిమిషాలకు, అష్టమి నాడు అర్ధరాత్రికి అటూ ఇటుగా. బహుళ పక్షంలో అదే లెక్క చంద్రోదయానికి వేసుకోండి. బహుళ అష్టమి నాడు అర్ధరాత్రి దాకా చీకటి మీదే. అమావాస్యే కావాలని పట్టుబట్టనక్కర్లేదు.

పాలపుంత నడిమి భాగానికి మన దగ్గర మంచి కాలం ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్య నుంచి మే నెల అమావాస్య దాకా. మార్చి మూడో వారంలో రాత్రి రెండు దాటాక అది వాడుకునేంత ఎత్తుకు వస్తుంది. ఏప్రిల్ 20 ప్రాంతంలో అర్ధరాత్రి దాటాక. మే 20కి రాత్రి పది, పదింబావుకే. జూన్ నుంచి నైరుతి మబ్బులు మొదలవుతాయి, ఆగస్టు దాకా అదృష్టం మీద ఆధారపడాలి. సెప్టెంబరు చివర, అక్టోబరులో తెరిపి దొరికితే చీకటి పడగానే నైరుతి వైపు ఒక రెండు గంటలు దొరుకుతుంది. ఉద్యోగాలకు పోయేవాళ్లకు అదే సుఖం, నిద్ర పాడు కాదు.

మే నెలలో దుమ్ము పైకి లేచి ఆకాశం మసకగా ఉంటుంది. సాయంత్రం ఉరుములతో ఓ వాన పడి, రాత్రి పదికల్లా తెరిపిచ్చిందంటే ఆ రాత్రి ఇంట్లో ఉండకండి. గాలి కడిగినట్టుంటుంది, నా దగ్గరున్న మంచి ఫోటోల్లో చాలావరకు అలాంటి రాత్రులవే.

చలికాలంలో పాలపుంత నడిబొడ్డు ఉండదు, కానీ మిగతా ఆకాశం ఉంటుంది. మృగశిర, ఆర్ద్ర ఉన్న ఒరాయన్, రోహిణి, మా పల్లెల్లో పిల్లలకోడి అనే కృత్తిక, దక్షిణాన కిందుగా అగస్త్య నక్షత్రం. డిసెంబరు 13, 14 రాత్రుల్లో జెమినిడ్ ఉల్కలు బాగా రాలతాయి. కొత్తగా నేర్చుకునేవారికి నేను జనవరినే చెప్తాను. ఆకాశం తేటగా ఉంటుంది, కెమెరా వేడెక్కదు, నక్షత్రాలు సాయంత్రం ఏడున్నరకే పైన ఉంటాయి.

సెట్టింగులు, అంతకన్నా ముందు ఫోకస్

మోడ్ మాన్యువల్. ఫైలు రా (RAW, కెమెరా పట్టింది పట్టినట్టే దాచే ఫైలు). లెన్స్ 18 ఎంఎం దగ్గర, ఎఫ్ 3.5. ఐఎస్‌ఓ (వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలనే అంకె) 3200. షట్టర్ 13 సెకన్లు. ఇక్కడ నుంచి మొదలుపెట్టండి.

13 ఎందుకంటే, 500 లెక్క అని ఒకటుంది: 500ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే నక్షత్రాలు సాగకుండా ఎన్ని సెకన్లు పెట్టొచ్చో వస్తుంది. కెనాన్ చిన్న సెన్సారుకు ముందు ఆ ఫోకల్ లెంగ్త్‌ను 1.6తో గుణించాలి. 18 ఇంటూ 1.6 అంటే 28.8. భాగిస్తే 17 సెకన్లు. కానీ ఈ లెక్క ఫిల్మ్ రోజుల్లోంచి వచ్చింది, మీ కెమెరా 24 మెగాపిక్సెళ్లది, జూమ్ చేస్తే 17 సెకన్లకే సాగినట్టు కనిపిస్తుంది. అందుకే 13. ఒరాయన్ లాంటివి ఆకాశ మధ్యరేఖ మీద ఉంటాయి కాబట్టి ఇంకా వేగంగా కదులుతాయి, వాటికి 10 పెట్టండి.

ఫోకస్ దగ్గరే అందరూ పడిపోతారు. చీకట్లో ఆటోఫోకస్ పట్టదు. లెన్స్ పక్కనున్న మీటను ఎంఎఫ్‌కు మార్చండి, స్టెబిలైజర్ మీటను కూడా ఆఫ్ చేయండి (ట్రైపాడ్ మీద అది లేని కదలికను సరిచేయబోయి ఫోటో చెడగొడుతుంది). ముందే జూమ్‌ను 18కి తెచ్చిపెట్టుకోండి, ఫోకస్ అయ్యాక జూమ్ కదిపితే ఫోకస్ పోతుంది. లైవ్ వ్యూ (దృశ్యం వెనక తెర మీద కనిపించే పద్ధతి) ఆన్ చేసి, బాగా వెలిగే నక్షత్రాన్ని తెర మీదకు తెచ్చుకోండి. ఏప్రిల్, మే నెలల్లో నడినెత్తికి దగ్గరగా స్వాతి ఉంటుంది, గురుగ్రహం కనిపిస్తే ఇంకా తేలిక. భూతద్దం బటన్‌తో పది రెట్లు చేసి, ఫోకస్ రింగును వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. చుక్క చిన్నదవుతూ వచ్చి మళ్లీ పెరగడం మొదలవుతుంది. ఎక్కడ అన్నిటికన్నా చిన్నదిగా ఉందో అక్కడికి వెనక్కి రండి. కిట్ లెన్స్ రింగు వదులుగా ఉంటుంది, చెయ్యి తగిలితే కదులుతుంది. ఓ ముక్క టేపు వేసేయండి.

తెరలో నక్షత్రం అసలు కనిపించకపోతే అర కిలోమీటరు దూరంలో ఉన్న సెల్ టవర్ ఎర్ర లైటు మీద చేయండి. 18 ఎంఎం దగ్గర ఆ దూరానికి, నక్షత్రాలకు తేడా తెలియదు. ఒక ఫోటో తీసి, దాన్ని పూర్తిగా జూమ్ చేసి చూసుకుని, అప్పుడే మిగతా పని. గంటకోసారి మళ్లీ చూసుకోండి.

ఇంకో మోసం కెమెరా తెరది. చీకట్లో మసక ఫోటో కూడా ధగధగా కనిపిస్తుంది. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే నల్లగా ఉంటుంది. తెర వెలుగు తగ్గించి, హిస్టోగ్రామ్ (ఎడమ నలుపు నుంచి కుడి తెలుపు దాకా ఫోటోలో ఎంత వెలుగుందో చూపే గుట్ట లాంటి బొమ్మ) చూడండి. గుట్ట ఎడమ అంచుకు అతుక్కోకుండా, నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య నిలబడితే చాలు. వైట్ బ్యాలెన్స్ గురించి టెన్షన్ వద్దు, రా ఫైలులో తర్వాత మార్చుకోవచ్చు.

ట్రైపాడ్ చవకదైతే నడిమి గొట్టం పైకి లేపకండి, అడుగున సన్న కాళ్లు బయటికి లాగకండి. పొట్టిగా ఉన్నా గట్టిగా ఉంటుంది. కొత్తగా దున్నిన ఎర్రనేలలో కాళ్లు మెల్లగా దిగబడతాయి, బండ మీదో గట్టు మీదో పెట్టండి. కెమెరా పట్టీ గాలికి కొట్టుకోకుండా తీసేయండి. రెండు సెకన్ల టైమర్ పెడితే బటన్ నొక్కిన అదురు ఫోటోలోకి రాదు.

ఒక్క ఫోటోతో ఆపొద్దు

కిట్ లెన్స్‌కూ ఖరీదైన లెన్స్‌కూ ఉన్న తేడాలో చాలాభాగం పూడ్చేది ఇదే. కెమెరా కదపకుండా అదే సెట్టింగులో 20 ఫోటోలు వరసగా తీయండి. తర్వాత లెన్స్‌కు మూత పెట్టి, అదే షట్టర్, అదే ఐఎస్‌ఓతో పది నల్ల ఫోటోలు తీయండి. ఇంటికి వచ్చాక సీక్వేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అన్నీ వేస్తే అది నక్షత్రాలను ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చి, నేలను కదలకుండా ఉంచి, ఒకే ఫోటో ఇస్తుంది. నక్షత్రం ప్రతి ఫోటోలోనూ ఉంటుంది, గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు కనిపించే రవ్వ) మాత్రం ఒక్కో ఫోటోలో ఒక్కోచోట ఉంటుంది. సగటు తీస్తే గ్రెయిన్ అణిగిపోతుంది. ఎన్ని ఫోటోలైతే దాని వర్గమూలమంత మెరుగు: 16 ఫోటోలకు నాలుగు రెట్లు. నల్ల ఫోటోలు సెన్సార్ వేడికి పుట్టే చుక్కలను తీసేయడానికి. మన ఎండాకాలం రాత్రి కూడా నేల సెగ కక్కుతూనే ఉంటుంది కదా, సెన్సార్ వేడెక్కిన కొద్దీ ఎర్ర, నీలం చుక్కలు ఎక్కువవుతాయి. లైవ్ వ్యూ అవసరం లేనప్పుడు ఆపేయండి, అది కూడా వేడి పెంచుతుంది. కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే ప్రతి ఫోటోకూ రెట్టింపు సమయం తింటుంది.

తెలిసిన స్టూడియో ఆయన ఫుల్ ఫ్రేమ్ కెమెరాతో తాడిపత్రి శివార్లలో తీశాడు. అదే వారం మా అసిస్టెంటు పిల్లోడు పాత 1300డితో కళ్యాణదుర్గం అవతల తీసి 20 ఫోటోలు కలిపాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏది ఎవరిదో చెప్పినవాళ్లు లేరు, అందరూ తారుమారుగానే చెప్పారు.

నేల భాగం మరీ నల్లగా వస్తుందని బాధ ఉంటే మే నెలలో శుద్ధ చవితి, పంచమి రాత్రులు చూసుకోండి. చంద్రుడు ఉండగానే రాళ్లను, కోట గోడను తీయండి. ట్రైపాడ్ కదపకుండా కూర్చుని, చంద్రుడు దిగాక ఆకాశం తీయండి. రెండూ కలిపితే టార్చి వెలుగుతో పనే ఉండదు.

స్టార్ ట్రెయిల్స్ దీనికన్నా సులువు. ఉత్తరానికి తిరగండి. ధ్రువ నక్షత్రం మన దగ్గర 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి కోట బురుజో, చెట్టో దాని కింద చక్కగా ఇముడుతుంది. 30 సెకన్లు, ఎఫ్ 4, ఐఎస్‌ఓ 800. కంటిన్యువస్ మోడ్ పెట్టి, తాళం పడే కేబుల్ రిమోట్‌తో బటన్ నొక్కి వదిలేస్తే ఒకదాని వెనక ఒకటి తీసుకుంటూ పోతుంది. గంటకు 120 ఫోటోలు, 15 డిగ్రీల వంపు. స్టార్‌స్టాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కలిపిపెడుతుంది. జేపెగ్ చాలు. బ్యాటరీ మాత్రం రెండోది ఉంచుకోండి.

చీకట్లో మీరు క్షేమంగా ఉండాలి

ఇది చివర్లో చెప్తున్నా గానీ నేను ముందు చూసుకునేది ఇదే. పగలే ఒకసారి చోటు చూసి రండి. బూట్లు వేసుకోండి, రక్తపింజరి, తేళ్లు రాళ్ల సందుల్లోనే ఉంటాయి. వేరుశనగ చేల చుట్టూ అడవిపందుల కోసం కొందరు కంచెకు కరెంటు పెడతారు. చట్టప్రకారం తప్పే అయినా పెడతారు, చీకట్లో చేనుకు అడ్డం పడి నడవొద్దు. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు గుట్టల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, సీతాఫలాలు పండే రోజుల్లో మరీ జాగ్రత్త. నల్లమల లోపల రాత్రి ఆగే ఆలోచనే వద్దు, అది పులుల అభయారణ్యం.

ఇంకొకటి, వేరే ఊళ్ల వాళ్లకు తెలియనిది. పాత గుడి దగ్గరో, పాడుబడ్డ కోట దగ్గరో అర్ధరాత్రి టార్చితో నలుగురు కొత్తవాళ్లు కనిపిస్తే మన పల్లెల్లో మొదట వచ్చే అనుమానం గుప్తనిధులు. ట్రైపాడ్ సంచి చూస్తే గడ్డపార అనుకుంటారు. వాళ్ల తప్పేమీ లేదు, నిజంగా తవ్వేవాళ్లు ఉన్నారు కాబట్టే. చీకటి పడకముందే ఊళ్లో టీ కొట్టు దగ్గర ఆగి, ఫోన్లో పాత ఫోటోలు చూపించి, ఫలానా గుట్ట మీద ఉంటాం అని చెప్పండి. నాకైతే అలా చెప్పిన ప్రతిచోటా ఎవరో ఒక పెద్దాయన తోడు వచ్చి, నాకు తెలియని నక్షత్రాల పేర్లు చెప్పి పోయాడు. గండికోట లాంటి రక్షిత కట్టడాల దగ్గర రాత్రి లోపల ఉండనిస్తారో లేదో అక్కడే ముందుగా అడగండి.

టార్చికి ఎర్ర గాజు కాగితం చుట్టండి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20-30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి ఫోన్ తెర చూస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా చెయ్యి దురద పెడితే, మొదట కేబుల్ రిమోట్, రెండో బ్యాటరీ కొనండి. ఆ తర్వాత 50 ఎంఎం ఎఫ్ 1.8, సెకండ్ హ్యాండ్ అయినా పర్వాలేదు. ఎఫ్ 3.5తో పోలిస్తే అది దాదాపు 3.8 రెట్ల వెలుగు లోపలికి తెస్తుంది. షట్టర్ 5 సెకన్లు దాటించలేరు, దృశ్యం ఇరుకు, కానీ వృశ్చికం తోక, కృత్తిక, ఒరాయన్ నెబ్యులా (ఒరాయన్‌లోని వాయువుల మబ్బు) దాంతో కిట్ లెన్స్ ఇవ్వలేనంత బాగా వస్తాయి. పెళ్లి ఫోటోలకు కూడా పనికొస్తుంది. ఎఫ్ 2.8 వైడ్ లెన్స్ కావాలనే అనిపిస్తే కొనే ముందు రెండు రాత్రులు అద్దెకు తెచ్చుకుని చూడండి. మూఢంలో అడిగితే మా లాంటి వాళ్లు టీ ఖర్చుకే ఇచ్చేస్తారు.